ఎయిట్ మైల్ దాటి వెళ్దాం: డిట్రాయిట్ గోడలు చెప్పే కథ

(డిట్రాయిట్ శివార్లలో జరిగిన ఒక తెలుగు సాహిత్య సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. అమ్మా, మీరు కూడా రండి, పిల్లాణ్ణి ఒళ్ళో కూచోబెట్టుకోండి, వాడు అల్లరి చేసినా ఏం పర్లేదు.

ముందు ఒక ప్రశ్న అడుగుతాను. మనలో డిట్రాయిట్లో ఉండేవాళ్ళు ఎంతమంది? అందరూ ఎత్తారు. సరే, ఇప్పుడు ఇంకోటి అడుగుతా. డిట్రాయిట్ సిటీ లోపల, అంటే ఎయిట్ మైల్ రోడ్డుకి ఆ పక్కన, ఇల్లున్నవాళ్ళు ఎంతమంది? చూశారా, చేతులన్నీ దిగిపోయాయి. ట్రాయ్‌లో ఉంటాం, నోవైలో ఉంటాం, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉంటాం, కాంటన్‌లో ఉంటాం. మన ఊరివాళ్ళు అడిగితే డిట్రాయిట్ అని చెప్తాం. కానీ ఆ ఊళ్ళోకి ఎప్పుడు వెళ్తాం? ఏదైనా గేమ్ ఉంటేనో, ఇండియా నుంచి చుట్టాలొస్తే రివర్ చూపించడానికో వెళ్తాం, అంతే. ఎన్నో ఏళ్ళు నేను కూడా అలాగే బతికాను, కార్ల కంపెనీలో ప్రెస్ షాపులో పని, ఇల్లు, గుడి, పిల్లల స్కూలు.

ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ ఊరి గోడల గురించి. నిజం గోడలే, ఇటుకా సున్నం సిమెంటు గోడలు. గోడ ఎవరు కట్టించారు, డబ్బు ఎవరు పెట్టారు, ఎవర్ని ఏ పక్కన ఉంచడానికి కట్టారు, ఇవి అడుక్కుంటూ వెళ్తే చాలండీ, ఈ ఊరి చరిత్రా కళా అన్నీ అందులోనే దొరుకుతాయి. గైడు బుక్కులో ఉండే పది ప్రదేశాల లిస్టు కన్నా ఇది మేలని నా గట్టి నమ్మకం.

మొదటి రెండొందల ఏళ్ళూ గబగబా చెప్పేస్తాను, ఎందుకంటే నాకు టైమంతా తర్వాతి వాటికి కావాలి. 1701లో కాడిలాక్ అనే ఫ్రెంచి ఆయన నది ఒడ్డున కోట కట్టాడు, బొచ్చుతోళ్ళ వ్యాపారం కోసం. ఆ కాడిలాకేనండీ, మీ పక్కింటాయన కారు పేరు ఆయనదే. 1805లో ఊరంతా తగలబడిపోయింది, దాదాపు ఒక్క ఇల్లు మిగల్లేదు. అప్పుడు గాబ్రియేల్ రిషార్డ్ అనే ఫాదరీ లాటిన్‌లో రాసిన మాటే ఇప్పటికీ సిటీ జెండా మీద ఉంది, ఇంతకంటే మంచి రోజులొస్తాయని ఆశిస్తున్నాం, బూడిదలోంచి లేస్తుంది అని. కాలిన ఊరిని మళ్ళీ కట్టడానికి ప్లాను గీసినాయన జడ్జి అగస్టస్ వుడ్‌వర్డ్. మనం రోజూ వెళ్ళే వుడ్‌వర్డ్ అవెన్యూ ఆయన పేరే. ఇంకొక్క సంగతి. దక్షిణాది నుంచి పారిపోయి వచ్చిన బానిసలకి ఈ నదే ఆఖరి మజిలీ, అవతల ఒడ్డు కెనడా, అక్కడ అడుగుపెడితే స్వేచ్ఛ. వాళ్ళని రహస్యంగా దాటించేవాళ్ళు ఈ ఊరికి పెట్టుకున్న కోడ్ పేరు మిడ్‌నైట్. 1836లో మొదలైన సెకండ్ బాప్టిస్ట్ చర్చి వాళ్ళని దాచిపెట్టేది, ఆ చర్చి ఇప్పటికీ గ్రీక్‌టౌన్‌లో ఉంది. మనం గ్రీక్‌టౌన్ వెళ్ళేది తినడానికి కదా, ఈసారి వెళ్తే ఒక్క ఐదు నిమిషాలు ఆ వీధిలోకి కూడా నడవండి.

ఇక ఫోర్డు. ఈ హాల్లో సగం మందికి ఇది బాగా తెలుసు, అయినా చెప్తా. 1910లో హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీ, 1913లో అక్కడ కదిలే అసెంబ్లీ లైను, 1914 జనవరిలో రోజుకి ఐదు డాలర్ల జీతం. ఐదు డాలర్లంటే అప్పట్లో మామూలు విషయం కాదు, దాదాపు డబుల్ జీతం. ఎందుకిచ్చాడు? దయతోనా? లైను మీద పని భరించలేక మనుషులు మానేసి వెళ్ళిపోతున్నారు, వాళ్ళని నిలబెట్టుకోవాలి, అదీ అసలు కారణం. దాంతో జనం ఎక్కడెక్కడినుంచో వచ్చేశారు, పోలండ్ నుంచి, ఇటలీ నుంచి, లెబనాన్ నుంచి, అలబామా నుంచి, జార్జియా నుంచి. 1910లో సిటీ జనాభా 4,65,766, ఇరవై ఏళ్ళకి 15,68,662. నల్లవాళ్ళు 1910లో ఆరు వేలు కూడా లేరు, 1930కి లక్షా ఇరవై వేలు. ఇంతమందికీ ఇళ్ళెక్కడివి? ఈ ప్రశ్న గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తాం దీని దగ్గరికి.

ఇప్పుడు మొదటి గోడ. వుడ్‌వర్డ్ మీద డిట్రాయిట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్ట్స్ ఉంది కదా, డీఐఏ అంటాం, తెల్ల పాలరాయి భవనం, 1927లో కట్టింది. దాని మధ్యలో ఒక పెద్ద హాలు. ఆ నాలుగు గోడల మీద మెక్సికో చిత్రకారుడు డియేగో రివేరా వేసిన బొమ్మలున్నాయి, మొత్తం 27 ప్యానెళ్ళు. అమెరికా ఖండంలో ఇంత గొప్ప గోడ బొమ్మలు చాలా తక్కువ చోట్ల ఉన్నాయి, అవి మన ఇంటికి అరగంట దూరం. అరగంటండీ!

ఆయన వచ్చిన టైము చూడండి. 1932 ఏప్రిల్. అంతకు ముందు నెల, మార్చి 7న, పనులు పోయినవాళ్ళు ఫోర్డు కంపెనీ రూజ్ ఫ్యాక్టరీ గేటు దాకా ఊరేగింపుగా వెళ్ళారు, ఆకలి ఊరేగింపు అన్నారు దాన్ని. పోలీసులూ ఫోర్డు కంపెనీ మనుషులూ కాల్పులు జరిపారు, అక్కడికక్కడే నలుగురు, తర్వాత ఇంకొకరు చనిపోయారు. ఆ నెత్తురు ఆరకముందే ఒక కమ్యూనిస్టు చిత్రకారుడు ఈ ఊళ్ళో దిగాడు, ఆయనకి డబ్బిచ్చింది ఎవరనుకున్నారు? ఎడ్సెల్ ఫోర్డ్. హెన్రీ ఫోర్డ్ కొడుకు, అప్పటికి కంపెనీ ప్రెసిడెంటు. పిలిపించింది మ్యూజియం డైరెక్టరు విలియం వాలెంటైనర్. ముందు రెండే పెద్ద ప్యానెళ్ళకి పదివేల డాలర్లు అనుకున్నారు, ఈయన రూజ్ ఫ్యాక్టరీలోకి వెళ్ళి చూసి పిచ్చెక్కిపోయాడు, నాలుగు గోడలూ నాకే కావాలన్నాడు, చివరికి 20,889 డాలర్లయింది. నెలల తరబడి ఫ్యాక్టరీలో తిరిగి స్కెచ్‌లు గీసుకుని జులైలో మొదలుపెట్టి 1933 మార్చికి పూర్తి చేశాడు.

ఎలా వేశాడో చెప్పాలి, మనలో ఇంజినీర్లు చాలామంది ఉన్నారు కాబట్టి మీకు నచ్చుతుంది. ఇది ఫ్రెస్కో. సున్నం పూత తడిగా ఉన్నప్పుడే, నీళ్ళలో నూరిన రంగులతో వెయ్యాలి. ఎండిపోతే అయిపోయినట్టే, ఆ ముక్క కొట్టేసి మళ్ళీ పూత వెయ్యాలి. అందుకని ఏ రోజు ఎంత వెయ్యగలడో అంత మేరకే సహాయకులు రాత్రిపూట పూత వేసి పెట్టేవాళ్ళు, ఈయన వచ్చి అది ఆరేలోగా గంటలకొద్దీ కూచుని వేసేవాడు. సున్నం గాలి పీల్చుకుని గట్టిపడేటప్పుడు రంగుని తనలోనే బంధించేస్తుంది. అందుకే ఇన్నేళ్ళయినా ఆ రంగులు పెచ్చులూడలేదు.

ఉత్తరం గోడ ఇంజను గోడ. 1932లోనే కొత్తగా వచ్చిన ఫోర్డ్ వీ-ఎయిట్ ఇంజను, పైన కొలిమి నుంచి మొదలుపెట్టి ఫౌండ్రీ, బ్లాకులు, డ్రిల్లింగు, అన్నీ ఒక్క గోడ మీదే. ముందు వరసలో మనుషులు ఒళ్ళు వంచి బ్లాకుల్ని లాగుతుంటారు, అందరి వీపులూ ఒకే కోణంలో వంగి ఉంటాయి, చేతులకి గ్లవ్స్, మొహాల్లో నవ్వు లేదు ఏడుపు లేదు, పని మీదే ధ్యాస. షిఫ్టు చేసినవాళ్ళకి ఆ మొహం తెలుస్తుంది. వెనకాల డ్రిల్లింగు మెషీన్లు వరసగా నిలబడి ఉంటాయి, పాత మెక్సికో గుళ్ళ దగ్గర కాపలా విగ్రహాల్లాగా. అది ఆయన కావాలనే చేశాడు.

దక్షిణం గోడకి తిరగండి. అక్కడ కుడి పక్కన ఒక పెద్ద స్టాంపింగ్ ప్రెస్సు, రేకుని ఒత్తి కారు భాగాలు చేసే మెషీను. నేను మొదటిసారి దాని ముందు నిలబడ్డప్పుడు చాలాసేపు కదల్లేదు, ఎందుకంటే నా ఉద్యోగమంతా అలాంటి వాటి పక్కనే గడిచింది. ప్రెస్సు పడ్డప్పుడు కాళ్ళ కింద నేల అదురుతుంది, ఆ అదురు ఇంటికొచ్చి పడుకున్నా ఒంట్లోనే ఉంటుంది. ఈయన దాన్ని ఒక దేవత ఆకారంలో గీశాడు, కోవత్‌లిక్వే అని ఆజ్టెక్‌ల అమ్మవారు, పాముల లంగా, పుర్రెల దండ, పుట్టించేదీ ఆవిడే మింగేదీ ఆవిడే. మన కాళికమ్మ తెలిసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఫ్యాక్టరీ కూడు పెడుతుంది, చెయ్యి కూడా తీసుకుంటుంది. ఈ రెండూ ఒక్క మెషీన్లో చూపించాడు చూడండి!

ఇదంతా కార్ల ఫ్యాక్టరీ కదా, మరి కారేది? వెతకండి. పిల్లల్ని తీసుకెళ్తే వాళ్ళకిదే పని పెట్టండి, కారు కనిపెట్టమనండి. దక్షిణం గోడ మీద అసెంబ్లీ లైను చివర్లో, దూరంగా, చిటికెన వేలంత ఎర్ర కారు ఒకటుంటుంది, అంతే. గోడంతా మనుషులే. డబ్బిచ్చినవాడి సరుకుకి అంత చిన్న చోటిచ్చాడంటే ఆ చిత్రకారుడి ధైర్యం చూడండి, దాన్ని ఒప్పుకున్న ఎడ్సెల్ ఫోర్డ్ పెద్దమనసు కూడా చూడాలి.

కింద చిన్న చిన్న ప్యానెళ్ళున్నాయి, రంగుల్లేకుండా బూడిద రంగులో. చాలామంది చూడకుండా వెళ్ళిపోతారు. అవి కార్మికుడి ఒక రోజు, పొద్దున కార్డు పంచ్ చెయ్యడం దగ్గర్నుంచి సాయంత్రం జీతం తీసుకుని పార్కింగ్ లాట్ వైపు నడవడం దాకా. పైన చూస్తే నలుగురు పెద్ద పెద్ద ఆడవాళ్ళు పడుకుని ఉంటారు, ఎరుపు, నలుపు, తెలుపు, పసుపు, నాలుగు జాతులు. వాళ్ళ చేతుల్లో ఇనుప ఖనిజం, బొగ్గు, సున్నపురాయి, ఇసుక. ఈ నాలుగూ కలిస్తేనే ఉక్కు, ఉక్కుంటేనే కారు. నాలుగు జాతులు కలిస్తేనే ఈ ఊరు అని ఆయన చెప్తున్నాడు. లైను మీద కూడా నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ పక్కపక్కనే పనిచేస్తున్నట్టు గీశాడు. నిజంగా అలా ఉండేదా? ఎక్కువ లేదండీ. నల్లవాళ్ళని ఎక్కువగా ఫౌండ్రీలోకే పంపేవాళ్ళు, వేడి, పొగ, ప్రమాదం అన్నీ ఎక్కువ ఉండేచోటికి. ఉన్నదాన్ని ఉన్నట్టు గియ్యలేదు, ఉండాల్సినదాన్ని గీశాడు.

గొడవ అవదా మరి? అయింది. టీకా వేసే ప్యానెల్ ఒకటుంది, పసిబిడ్డ, నర్సు, డాక్టరు, ముందు గుర్రం, ఆవు, గొర్రెలు, వెనకాల ముగ్గురు సైంటిస్టులు. ఏసు పుట్టుకని ఎగతాళి చేశాడని చర్చివాళ్ళు మండిపడ్డారు. పేపర్లో సంపాదకీయం రాశారు, మొత్తం గోడలకి సున్నం కొట్టెయ్యాలని. ఎడ్సెల్ ఫోర్డ్ వెనక్కి తగ్గలేదు, జనం వేలల్లో వచ్చి చూశారు, గోడలు మిగిలాయి. అదే రివేరా తర్వాత న్యూయార్క్‌లో రాక్‌ఫెల్లర్ సెంటర్‌లో లెనిన్ బొమ్మ పెట్టాడని 1934లో ఆ గోడ పగలగొట్టేశారు. మనది నిలిచింది. రివేరా భార్య ఫ్రీదా కాహ్లో, ఆవిడా చిత్రకారిణే, ఆ ఏడాది చాలావరకు ఇక్కడే ఉంది, ఇక్కడి ఆస్పత్రిలోనే ఆవిడకి గర్భం పోయింది, ఆ బాధ ఆవిడ బొమ్మల్లోకి ఎక్కింది ఇక్కడే. దాని గురించి ఇంకో రోజు మాట్లాడాలి, అది రెండు ముక్కల్లో తేల్చే విషయం కాదు.

ఇప్పుడు రెండో గోడ. దీనికి టికెట్ లేదు, మ్యూజియం లేదు. ఎయిట్ మైల్‌కి దగ్గర్లోనే, దక్షిణం పక్కన, బిర్‌వుడ్ వీధీ మెండోటా వీధీ మధ్య ఇళ్ళ వెనకాల ఉంటుంది. ఆరడుగుల ఎత్తు, అడుగు మందం, అర మైలు పొడుగు. మామూలు కాంక్రీటు గోడ.

ఇందాక అడిగా కదా, అంతమందికి ఇళ్ళెక్కడివని. నల్లవాళ్ళకి ఎక్కడపడితే అక్కడ ఇల్లు ఇచ్చేవాళ్ళు కాదు. 1925లో ఒసియన్ స్వీట్ అని ఒక నల్ల డాక్టరు తెల్లవాళ్ళ వీధిలో ఇల్లు కొనుక్కుంటే వందలమంది ఇంటి మీదకొచ్చి రాళ్ళు విసిరారు, లోపల్నుంచి తుపాకీ పేలి ఒకతను పోయాడు, డాక్టర్నీ ఇంట్లోవాళ్ళనీ హత్య కేసులో అరెస్టు చేశారు. క్లారెన్స్ డారో అనే పేరున్న లాయరు వాళ్ళ తరఫున వాదించాడు, శిక్ష పడలేదు. డాక్టరుకే అలా అయితే ఫౌండ్రీ కూలీ గతేంటి? కొంతమంది ఊరి చివర, ఈ ఎయిట్ మైల్ దగ్గర, ఖాళీ స్థలాలు కొనుక్కుని చిన్న చిన్న ఇళ్ళు వేసుకున్నారు. 1941లో పక్క స్థలంలో ఒక బిల్డరు తెల్లవాళ్ళకి ఇళ్ళు కట్టాలనుకున్నాడు. లోన్లకి గ్యారంటీ ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌హెచ్ఏ ఏమందంటే, నల్లవాళ్ళ ఇళ్ళకి మరీ దగ్గర, రిస్కు, ఇవ్వం అంది. ఆయన మధ్యలో గోడ కట్టాడు. అప్పుడు ఇచ్చారు.

వింటున్నారా? గోడ కట్టించింది కోపంతోనో ద్వేషంతోనో ఒక్క మనిషి కాదు, లోను ఫారం కట్టించింది. మ్యాపు మీద ఎర్ర గీత గీసి ఈ పేటలో అప్పులివ్వొద్దు అన్నారు, ఆ గీత ఇక్కడ కాంక్రీటు అయింది. ఇల్లంటే ఈ దేశంలో ఏంటో మనకి తెలుసు. మనం కూడబెట్టిందంతా ఎక్కడుంది? ఇంట్లోనే కదా. పిల్లల కాలేజీకి, రిటైర్మెంటుకి ఇంటి విలువే ఆధారం. అప్పే పుట్టకపోతే రెండు తరాల తర్వాత ఆ కుటుంబం దగ్గర ఏముంటుంది?

మనం ఇక్కడికి ఎప్పుడొచ్చాం? 1965 వలస చట్టం తర్వాత. ఇంజినీర్లుగా, డాక్టర్లుగా వచ్చాం, స్కూళ్ళు బాగున్నాయని శివార్లలో ఇళ్ళు కొన్నాం, బ్యాంకు అప్పిచ్చింది. అందులో తప్పేం లేదు, ఎవర్నీ నిందించడానికి చెప్పట్లేదు. కానీ మనం కొనుక్కున్న మ్యాపు అంతకు ముందే ఎవరో గీసింది. అది తెలియకుండా, ఆ ఊరు ఎందుకలా పాడైపోయిందో, అక్కడుండేవాళ్ళకి బాధ్యత లేదు, అని మన విందుల్లో మాట్లాడుకుంటాం చూడండి, అది నాకు చాలా బాధ కలిగిస్తుంది. దయచేసి ఆ మాట అనొద్దు, తెలుసుకున్నాక అస్సలు అనొద్దు.

ఆ గోడ ఇప్పుడెలా ఉంది? పక్కన అల్ఫాన్సో వెల్స్ ప్లేగ్రౌండ్ ఉంది, అక్కడ ఉన్నంత మేరా 2006లో ఆ పేటవాళ్ళే కళాకారులతో కలిసి బొమ్మలు వేశారు. రోజా పార్క్స్ బస్సెక్కుతున్న బొమ్మ, సబ్బు బుడగలు ఊదుతున్న పిల్లలు, రంగురంగుల ఇళ్ళు. రోజా పార్క్స్ అలబామాలో బస్సులో తెల్లవాళ్ళకి సీటిచ్చి లేవనని కూచుంది, అది అందరికీ తెలుసు, కానీ 1957లో డిట్రాయిట్ వచ్చేసి 2005లో పోయేదాకా ఇక్కడే ఉంది, అది ఎంతమందికి తెలుసు? గోడకి ఇటూ అటూ ఇప్పుడు నల్లవాళ్ళే ఉంటున్నారు. ఆ పార్కులో ఉయ్యాలలున్నాయి, పిల్లలు ఆడుకుంటుంటారు. అది వాళ్ళ పేట, గౌరవంగా వెళ్ళండి, ఇళ్ళ వెనకాలకి దూరి ఫోటోలు తియ్యకండి.

మూడోది ఇప్పుడు లేని గోడల కథ. డౌన్‌టౌన్ నుంచి 375 హైవే ఎక్కుతాం కదా, దాని కింద ఒక ఊరుంది. హేస్టింగ్స్ స్ట్రీట్. బ్లాక్ బాటమ్, పారడైజ్ వ్యాలీ అని రెండు పేటలు, నల్లవాళ్ళ షాపులు, డాక్టర్లు, హోటళ్ళు, క్లబ్బులు, చర్చిలు. ఫోర్డులో ఊడ్చే పని చేసుకునే జాన్ లీ హూకర్ రాత్రిళ్ళు ఈ వీధిలోనే గిటార్ వాయించేవాడు, 1948లో ఆయన రికార్డు వచ్చింది, అందులో ఈ వీధి పేరుంది. గాయని అరీథా ఫ్రాంక్లిన్ నాన్నగారి చర్చి ఈ వీధిలోనే. అప్పులివ్వరు, రిపేర్లకి డబ్బుండదు, ఇళ్ళు పాతబడ్డాయి, అప్పుడు మురికివాడ అని పేరు పెట్టి 1950ల్లో బుల్డోజర్లు తెచ్చారు, మిగిలింది హైవేకి పోయింది. చర్చి లిన్‌వుడ్‌కి వెళ్ళింది. వేలమంది ఎక్కడికి వెళ్ళారు? అప్పటికే కిక్కిరిసిన పేటల్లోకే. 12వ వీధి వాటిలో ఒకటి. 1967 జులైలో అల్లర్లు మొదలైంది అక్కడే, 43 మంది పోయారు. 67 తర్వాత ఊరు పాడైంది అంటారు అందరూ. జనాభా 1950లో పద్దెనిమిదిన్నర లక్షలు, తగ్గడం మొదలైంది అప్పట్నుంచే. ఫ్యాక్టరీలు శివార్లకి వెళ్ళాయి, కొత్త హైవేలున్నాయి, తెల్లవాళ్ళకి లోన్లున్నాయి. 2020కి 6,39,111.

కానీ అదే కాలంలో, అదే ఊళ్ళో, ఏం పుట్టిందో చూడండి. వెస్ట్ గ్రాండ్ బులెవార్డ్ మీద 2648 నంబరు ఇల్లు. మామూలు రెండంతస్తుల ఇల్లు. బెర్రీ గోర్డీ అని లింకన్-మెర్క్యురీ ప్లాంటులో లైను మీద పనిచేసిన కుర్రాడు, 1959లో ఇంట్లోవాళ్ళ దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని మోటౌన్ అనే పాటల రికార్డు కంపెనీ పెట్టాడు. లైను మీద ఉత్త ఇనప చట్రం ఈ చివర ఎక్కితే ఆ చివర కొత్త కారు దిగుతుంది కదా, వీధిలోంచి వచ్చిన పిల్లా పిల్లాడూ కూడా అలాగే ఒక తలుపులోంచి వచ్చి ఇంకో తలుపులోంచి స్టార్ అయి వెళ్ళాలని ఆయన ఆలోచన. ఒకరు రాస్తారు, ఒకరు బాణీ కడతారు, ఒకరు నడకా మాటతీరూ నేర్పుతారు, శుక్రవారం పొద్దున క్వాలిటీ కంట్రోల్ మీటింగు, ఏ పాట విడుదల చెయ్యాలో ఓటేస్తారు. క్వాలిటీ కంట్రోల్ అనే పేరు కూడా ఫ్యాక్టరీదే! సుప్రీమ్స్ అనే పాటల బృందంలో ముగ్గురమ్మాయిలూ బ్రూస్టర్ ప్రాజెక్ట్స్ అనే ప్రభుత్వ క్వార్టర్లలో పెరిగినవాళ్ళు. స్మోకీ రాబిన్సన్, స్టీవీ వండర్, మార్విన్ గే, అందరూ ఆ ఇంటి స్టూడియోలో పాడినవాళ్ళే. ఆ స్టూడియో మీరు చూడాలి, గ్యారేజీ అంత గది. పైకప్పులో ఒక కంత ఉంటుంది, అటక మీది ఖాళీని ఎకో కోసం వాడుకున్నారు. గైడు మిమ్మల్ని దాని కింద నిలబెట్టి చప్పట్లు కొట్టమంటే ఆ మోత ఎలా తిరిగొస్తుందో వినండి. కంపెనీ 1972లో లాస్ ఏంజెలెస్ వెళ్ళిపోయింది, బెర్రీ గోర్డీ అక్క ఎస్తర్ గోర్డీ ఎడ్వర్డ్స్ మాత్రం ఉండిపోయి 1985లో ఆ ఇంటిని మ్యూజియం చేసింది. ఆవిడ లేకపోతే అది కూడా పోయేది.

హైడెల్‌బర్గ్ ప్రాజెక్ట్ గురించి రెండు మాటలు. 1986లో టైరీ గైటన్ అనే కళాకారుడు తన తాతగారు శామ్ మాకీతో కలిసి తాను పెరిగిన వీధిలో పాడుబడ్డ ఇళ్ళకి చుక్కలు చుక్కలుగా రంగులు వేసి, పారేసిన బొమ్మలూ బూట్లూ గోడలకి తగిలించి ఆ వీధినే ప్రదర్శన చేసేశాడు. సిటీ 1991లో ఒకసారి, 1999లో ఒకసారి కొన్ని కూలగొట్టింది, తర్వాత 2013లో ఎవరో నిప్పు పెట్టడం మొదలుపెట్టారు. అయినా ఆయన మానలేదు. కళా కాదా అని అడిగేవాళ్ళున్నారు, వెళ్ళి చూసి మీరే చెప్పండి, నా మటుకు నాకు అది కళే. అలాగే మిషిగన్ సెంట్రల్ స్టేషన్, 1913లో తెరిచారు, 1988లో ఆఖరి రైలు వెళ్ళింది, ముప్ఫై ఏళ్ళు కిటికీలు పగిలి అలా నిలబడి ఉంది, 2018లో ఫోర్డు కంపెనీ కొని 2024 జూన్‌లో మళ్ళీ తెరిచింది. రాయి మ్యాచవ్వాలని ఇండియానాలో పాత క్వారీ మళ్ళీ తెరిపించారు, కప్పుకి దాదాపు 29 వేల టైల్స్ శుభ్రం చేశారు. మూసి ఉన్న రోజుల్లో కుర్రాళ్ళు గీసిన గ్రాఫిటీ కొంత చెరపకుండా వదిలేశారు, నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

ఆఖరి సంగతి, మళ్ళీ డీఐఏ దగ్గరికే వెళ్తున్నాం. 2013 జులై 18న సిటీ దివాలా పిటిషన్ వేసింది, 18 బిలియన్ డాలర్ల అప్పు. డీఐఏలో బొమ్మలు సిటీ ఆస్తి. అప్పులవాళ్ళు ఏమన్నారు? అమ్మండి అన్నారు. వాన్ గో ఉంది, బ్రూగల్ ఉంది, అమ్మితే డబ్బే డబ్బు. క్రిస్టీస్ అనే వేలం కంపెనీవాళ్ళు వచ్చి వెల కట్టారు కూడా. ఇంకో పక్క ఎవరున్నారు? సిటీ పెన్షనర్లు. బస్సు నడిపినవాళ్ళు, చెత్త ఎత్తినవాళ్ళు, నీళ్ళ డిపార్టుమెంటులో చేసినవాళ్ళు. బొమ్మ కావాలా, ముసలాయన పెన్షన్ కావాలా? మీరైతే ఏం చేస్తారు? ఒక్క క్షణం నిజంగా ఆలోచించండి.

వాళ్ళు చేసింది ఏంటంటే, ఫౌండేషన్లు 366 మిలియన్లు, రాష్ట్ర ప్రభుత్వం ఇరవై ఏళ్ళ లెక్కలో 350 మిలియన్లు, ఒకేసారి కట్టేసింది కాబట్టి 195 మిలియన్లు, మ్యూజియం తాను పోగుచేసేది 100 మిలియన్లు, ఆ ఇరవై ఏళ్ళ లెక్కతో కలిపితే మొత్తం 816 మిలియన్లు పెన్షన్లకి వెళ్ళేలాగా, బదులుగా బొమ్మలు సిటీ చేతిలోంచి మ్యూజియం ట్రస్టుకి వెళ్ళేలాగా ఒప్పందం. గ్రాండ్ బార్గెన్ అన్నారు. 2014 డిసెంబర్లో దివాలాలోంచి బయటపడ్డారు. మంచి ఒప్పందమే, కానీ దీన్ని ఉత్త విజయగాథలాగా చెప్తే నాకు ఒప్పదు. మామూలు సిటీ ఉద్యోగుల పెన్షన్లో నాలుగున్నర శాతం కోత పడింది, ఏటా పెరిగేది ఆగిపోయింది, హెల్త్ ఇన్సూరెన్సు చాలావరకు పోయింది. ఆ కోతకి ఒప్పుకుంటూ పెన్షనర్లు ఓటేశారు. రివేరా గోడ చూసేటప్పుడు ఎడ్సెల్ ఫోర్డ్ పేరు తల్చుకుంటాం, వాళ్ళని కూడా తల్చుకోవాలి. ఆ మ్యూజియం మిగలడానికి వాళ్ళూ కట్టారు.

మనం కూడా కడుతున్నాం, తెలుసా? 2012లో వేన్, ఓక్లాండ్, మకోంబ్ మూడు కౌంటీలూ ఓటేసి ఆస్తి పన్నులో డీఐఏకి కొంచెం వేశాయి, 2020లో మళ్ళీ ఓటేశాయి. 2 లక్షల డాలర్ల ఇంటికి ఏడాదికి 20 డాలర్ల లెక్క. దానికి బదులు ఆ మూడు కౌంటీలవాళ్ళకి లోపలికి వెళ్ళడం ఫ్రీ. అంటే ఈ హాల్లో దాదాపు అందరికీ. మీ డబ్బుతో నడుస్తున్న మ్యూజియం, మీరే వెళ్ళకపోతే ఎలా?

సరే, ప్రశ్నలుంటే అడగండి. ఆ... అక్కడ వెనకాల చీర కట్టుకున్నావిడ. సేఫేనా, పిల్లలతో వెళ్ళొచ్చా అంటున్నారు. అడగడం మంచిదమ్మా, చాలామంది మనసులో ఉన్నదే మీరు అడిగారు. వుడ్‌వర్డ్ మీద మ్యూజియాల చుట్టుపక్కల, ఈస్టర్న్ మార్కెట్ దగ్గర, నది ఒడ్డున, పగలు కుటుంబాలు తిరుగుతూనే ఉంటాయి. ఏ పెద్ద ఊళ్ళోనైనా తీసుకునే జాగ్రత్త తీసుకోండి, కార్లో బ్యాగులు కనపడేలా వదలకండి, అంతే. భయపడి మానెయ్యకండి.

ఎక్కడ మొదలుపెట్టాలి అంటున్నారు, ఆ ముందు వరస బాబు. శనివారం పొద్దున్నే ఈస్టర్న్ మార్కెట్‌కి వెళ్ళండి, 1891 నుంచి ఉంది, కూరగాయలు మన ఆడవాళ్ళకి తెగ నచ్చుతాయి, చుట్టూ గోడౌన్ల గోడల మీద ఇప్పటి కళాకారులు వేసిన బొమ్మలున్నాయి, నడుస్తూ చూడొచ్చు. అక్కణ్ణుంచి డీఐఏ పది నిమిషాలు, రివేరా హాల్లో కనీసం గంట కూచోండి, మధ్యలో కూచోడానికి చోటుంటుంది. తిరిగొచ్చేటప్పుడు ఎయిట్ మైల్ మీదుగానే కదా వస్తారు, బిర్‌వుడ్ దగ్గర ఒక్క అరగంట ఆగండి. మోటౌన్‌కి ఇంకో రోజు పెట్టుకోండి, దానికి టికెట్ ముందే ఆన్‌లైన్లో తీసుకోండి, అప్పటికప్పుడు వెళ్తే దొరక్కపోవచ్చు. డీఐఏ సోమవారం మూసేస్తారు. మీ అడ్రసున్న డ్రైవింగ్ లైసెన్సు పట్టుకెళ్ళండి, ఫ్రీ టికెట్‌కి అడుగుతారు. వాషింగ్టన్ కౌంటీ... కాదు కాదు, వాష్‌టెనా కౌంటీ, ఆన్ ఆర్బర్ నుంచి వచ్చినవాళ్ళు మాత్రం టికెట్ కొనుక్కోవాలి, మీ కౌంటీ ఆ మూడింట్లో లేదు. నేను వచ్చే శనివారం పదిన్నరకి వుడ్‌వర్డ్ వైపు మెట్ల దగ్గర, రోడాన్ చేసిన థింకర్ విగ్రహం ఉంటుంది చూడండి, అక్కడుంటాను. వచ్చేవాళ్ళు రండి, ప్రెస్సు ఎలా పనిచేస్తుందో గోడ ముందే నిలబడి చెప్తాను.